సెటప్ ఫెయిలైందని విండోస్ ఫార్మాట్ చేయించకండి

ప్రశ్న: మాది తెనాలిలో మందుల హోల్‌సేల్ ఏజెన్సీ. నేను అకౌంట్స్ చూస్తాను. పాత కంప్యూటర్ విండోస్ 10 మీద నడుస్తోంది. దానికి అప్‌డేట్లు ఆగిపోయాయని విండోస్ 11తో కొత్త డెస్క్‌టాప్ కొన్నాం. మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పనిచేయాలంటే ముందు ఎస్‌క్యూఎల్ సర్వర్ 2019 ఎక్స్‌ప్రెస్ (లెక్కలు దాచే మైక్రోసాఫ్ట్ వారి ఉచిత డేటాబేస్) ఉండాలట. అది ఇన్‌స్టాల్ చేస్తుంటే దాదాపు చివరికొచ్చాక 'వెయిట్ ఆన్ ద డేటాబేస్ ఇంజిన్ రికవరీ హ్యాండిల్ ఫెయిల్డ్' అని చూపించి ఆగిపోతోంది. సాఫ్ట్‌వేర్ వాళ్ల టెక్నీషియన్ రిమోట్‌లో చూసి, విండోస్ కరప్ట్ అయింది, ఫార్మాట్ చేయించండి అన్నాడు. చేయించాం. మళ్లీ అదే మెసేజ్. కంప్యూటర్ షాపు వాళ్లేమో సిస్టమ్ బాగానే ఉంది, తప్పు సాఫ్ట్‌వేర్‌దే అంటున్నారు. ఇప్పుడు ఎస్‌ఎస్‌డీ (లోపలి డిస్క్) మార్పించమని టెక్నీషియన్, మొత్తం వాపసు ఇచ్చేద్దామని మా ఓనరు గారు. మధ్యలో నాకు టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: సిస్టమ్ వాపసు ఇవ్వకండి. ఎస్‌ఎస్‌డీ మార్పించకండి. ఇంకోసారి ఫార్మాట్ అసలే వద్దు. మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే మీ విండోస్ పాడవలేదు, డిస్క్ పాడవలేదు, మీరు డౌన్‌లోడ్ చేసిన సెటప్ ఫైలులోనూ లోపం లేదు. కొత్త ఎస్‌ఎస్‌డీ తన గురించి విండోస్ 11కి చెప్పే ఒక కొలత ఎస్‌క్యూఎల్ సర్వర్‌కి సరిపడటం లేదు. చాలావరకు ఇదే కారణం. అవునో కాదో ఒక్క కమాండ్‌తో తేలిపోతుంది. అవునని తేలితే విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో ఒక విలువ చేర్చి, సిస్టమ్ రీస్టార్ట్ చేసి, సగంలో ఆగిన ఇన్‌స్టలేషన్‌ని తీసేసి మళ్లీ వేసుకుంటే సరిపోతుంది.

అయితే కొత్త మెషీన్ జోలికి వెళ్లే ముందు పాతదాని సంగతి చూడండి. మీ బిల్లులు, స్టాకు, జీఎస్‌టీ లెక్కలు, రావలసిన బాకీలు అన్నీ ఇప్పటికీ అందులోనే ఉన్నాయి. కొత్తదానిలో పని పూర్తయి, రెండింటిలోనూ లెక్కలు సరిపోయాయని మీరు స్వయంగా చూసుకునే దాకా పాత కంప్యూటర్‌లో ఎవరినీ ఏ ప్రయోగమూ చేయనివ్వకండి. ఈ రోజే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లోని బ్యాకప్ ఆప్షన్‌తో బ్యాకప్ తీసి, ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో, ఇంకో కాపీ వేరే చోట పెట్టండి. డేటా ఫోల్డర్‌ని కాపీ చేసి పేస్ట్ చేస్తే బ్యాకప్ అయిపోయిందని కొందరు అనుకుంటారు. డేటాబేస్ నడుస్తుండగా ఆ ఫైళ్లను కాపీ కానివ్వదు. ఎలాగోలా చేసినా ఆ కాపీ తర్వాత తెరుచుకుంటుందన్న నమ్మకం లేదు. బ్యాకప్ అంటే ఎస్‌క్యూఎల్ సర్వర్ తానే రాసి ఇచ్చే ఫైలు. ఇంకొకటి గుర్తుంచుకోండి. పాత వెర్షన్‌లో తీసిన బ్యాకప్‌ని కొత్త వెర్షన్‌లో రీస్టోర్ చేయవచ్చు గానీ, ఎస్‌క్యూఎల్ సర్వర్ 2019లో తీసినదాన్ని అంతకన్నా పాత వెర్షన్‌లో రీస్టోర్ చేయడం కుదరదు. ఒకసారి కొత్తదానిలో బిల్లులు కొట్టడం మొదలుపెట్టాక వెనక్కి రావడం కష్టం. అందుకే పాతదాన్ని కదపవద్దంటున్నాను.

ఇక అసలు సమస్యకు వద్దాం. చివరి స్క్రీన్ మీద మీకు కనిపించిన ఆ మెసేజ్ కారణం కాదు, ఫలితం. సెటప్ ఫైళ్లన్నీ సర్దేసి, డేటాబేస్ ఇంజిన్‌ని, అంటే ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో అసలు పని చేసే ప్రోగ్రామ్‌ని, మొదటిసారి స్టార్ట్ చేసి, అది లేస్తుందేమోనని కాసేపు ఎదురుచూసింది. ఇంజిన్ లేవలేదు. 'ఎదురుచూశాను, రాలేదు' అని మాత్రమే సెటప్ చెబుతోంది. ఎందుకు లేవలేదన్నది ఇంజిన్ తన డైరీలో, అంటే లాగ్ ఫైలులో, విడిగా రాసి పెట్టింది. మీ టెక్నీషియన్ ఆ డైరీ తెరిచి ఉంటే ఫార్మాట్ అవసరం వచ్చేది కాదు. ఈ మాట గట్టిగానే చెబుతున్నాను, ఎందుకంటే మన దగ్గర ఏది ఫెయిలైనా ఫార్మాట్ చేయడం అలవాటైపోయింది. దానివల్ల ఒక రోజు పని పోతుంది, ప్రింటర్ సెట్టింగుల నుంచి డిజిటల్ సంతకం డ్రైవర్ల దాకా అన్నీ మళ్లీ వేసుకోవాలి, కారణం మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది.

డైరీలు రెండు. మొదటిది సెటప్‌ది. సీ డ్రైవ్‌లో ప్రోగ్రామ్ ఫైల్స్, అందులో మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్, అందులో 150 అనే ఫోల్డర్, అందులో సెటప్ బూట్‌స్ట్రాప్, దాని లోపల లాగ్. అక్కడ సమ్మరీ అనే టెక్స్ట్ ఫైలు ఉంటుంది. పక్కనే తేదీ, సమయం కలిపిన పేర్లతో ఫోల్డర్లు ఉంటాయి, మీరు సెటప్ నడిపిన ప్రతిసారికీ ఒకటి. సమ్మరీ తెరిస్తే కొన్నిటి పక్కన పాస్డ్ అని, డేటాబేస్ ఇంజిన్ సర్వీసెస్ పక్కన ఫెయిల్డ్ అని కనిపిస్తుంది. కింద ఎర్రర్ కోడ్ చివర 851ఏ001ఏ అని ఉంటే మీరు చెప్పిన మెసేజ్ అదే.

రెండోది ఇంజిన్‌ది, మనకు కావలసింది ఇదే. అదే మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ ఫోల్డర్‌లో ఎంఎస్‌ఎస్‌క్యూఎల్15 అని మొదలై, చుక్క తర్వాత ఎస్‌క్యూఎల్‌ఎక్స్‌ప్రెస్ అని ముగిసే ఫోల్డర్ ఉంటుంది. దానిలో ఎంఎస్‌ఎస్‌క్యూఎల్, దానిలో లాగ్, దానిలో ఎర్రర్‌లాగ్ అనే ఫైలు. దానికి చివర ఎక్స్‌టెన్షన్ ఏమీ ఉండదు, అందుకే డబుల్ క్లిక్ చేస్తే దేనితో తెరవాలని అడుగుతుంది. నోట్‌ప్యాడ్ ఎంచుకోండి. కిందకి జరిపి చివరి భాగం చదవండి. '256 మిస్‌అలైన్డ్ లాగ్ ఐఓస్' అనే ముక్క కనిపించిందా? కనిపిస్తే కారణం దొరికినట్టే. ఆ వాక్యంలోనే అది ఏ ఫైలు దగ్గర తడబడిందో కూడా రాసి ఉంటుంది. కొన్ని మెషీన్లలో ఆ వాక్యం ఉండదు, ఇంజిన్ కుప్పకూలినట్టు ఓ పెద్ద డంప్ (కూలిన క్షణంలోని సాంకేతిక వివరాల జాబితా) రాసి ఉంటుంది. అది చూసి బెదరకండి, కింద చెప్పిన కమాండ్ ఎటూ నిజం చెప్పేస్తుంది.

ఆ వాక్యం అర్థం కావాలంటే డేటాబేస్ ఎలా రాస్తుందో కాస్త తెలియాలి. అకౌంట్స్ చేసేవారు గనుక మీకు ఇది సులువే. మన పాత పద్ధతిలో ముందు చిట్టాలో రాసి, తర్వాతే ఆవర్జాలోకి (లెడ్జర్‌లోకి) ఎక్కించేవారు కదా. ఎస్‌క్యూఎల్ సర్వర్ కూడా ప్రతి మార్పునూ ముందు లాగ్ ఫైలులో రాస్తుంది, అసలు డేటా ఫైలులోకి తర్వాత ఎక్కిస్తుంది. మధ్యలో కరెంటు పోయినా లాగ్ చూసుకుని లెక్క సరిచేసుకోగలగాలి. దానికి ఒక హామీ కావాలి. డిస్క్ మీద రాసిన ఒక్కో సెక్టర్ (డిస్క్ ఒక్క విడతలో రాసే ముక్క) పూర్తిగానైనా పడాలి, అసలు పడకుండానైనా ఉండాలి. సగం పడితే లెక్క తప్పుతుంది. అందుకని సెక్టర్ ఎంతుందో చూసుకుని, సరిగ్గా ఆ హద్దుల మీదే రాస్తుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌కి తెలిసిన సెక్టర్ సైజులు రెండే, 512 బైట్లు, 4096 బైట్లు. కొత్త ఎన్‌విఎంఈ రకం (వేగంగా పనిచేసే) ఎస్‌ఎస్‌డీల్లో కొన్ని తమ సెక్టర్ 8192 అనో 16384 అనో, ఇంకా ఎక్కువనో చెప్పుకుంటాయి. అది లోపం కాదు, ఆ డ్రైవ్ లోపల నిర్మాణం అలాంటిది. విండోస్ 10 ఈ అసలు కొలతను పైకి చెప్పేది కాదు. విండోస్ 11 ఉన్నది ఉన్నట్టు చెబుతుంది. అది విన్న ఎస్‌క్యూఎల్ సర్వర్ మొదటి అడుగులోనే ఆగిపోతుంది.

విండోస్ 10లో ఎన్నో ఇన్‌స్టలేషన్లు సజావుగా చేసిన టెక్నీషియన్ ఇక్కడ తికమకపడటానికి కారణం ఇదే. విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి మీలాగే చాలామంది కొత్త సిస్టమ్‌లకు మారుతున్నారు, ఈ సమస్య చిన్న చిన్న ఆఫీసుల దాకా వచ్చింది. అమీర్‌పేటలో డాట్‌నెట్ నేర్చుకుంటున్న కుర్రాళ్ల కొత్త లాప్‌టాప్‌లలో లోకల్‌డీబీ (ప్రోగ్రామర్లు వాడే చిన్న ఎస్‌క్యూఎల్ సర్వర్) స్టార్ట్ కాకపోవడానికి కూడా చాలాసార్లు ఇదే కారణం. 2019 బదులు 2022 వేసినా ఫలితం మారదు, కాబట్టి వెర్షన్ మార్చి చూద్దామన్న ఆలోచన మానుకోండి.

ఇప్పుడు ఆ ఒక్క కమాండ్. స్టార్ట్‌లో కమాండ్ ప్రాంప్ట్ అని వెతికి, దాని మీద రైట్ క్లిక్ చేసి 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్' ఎంచుకోండి. నల్ల విండోలో మూడు పదాలు ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేయాలి: ఎఫ్‌ఎస్‌యుటిల్ (fsutil), ఎఫ్‌ఎస్‌ఇన్ఫో (fsinfo), సెక్టర్‌ఇన్ఫో (sectorinfo). ఏ పదానికా పదం కలిపే రాయాలి, పదానికీ పదానికీ మధ్య ఒక ఖాళీ వదలాలి. చివర ఇంకో ఖాళీ వదిలి సీ అక్షరం, దానికి ఆనించి కోలన్. ఎంటర్ కొట్టండి.

వచ్చిన లైన్లలో మీరు చూడాల్సినవి రెండు. 'ఫిజికల్ బైట్స్ పర్ సెక్టర్' అని మొదలై ఒకటి 'ఫర్ అటామిసిటీ' అని, రెండోది 'ఫర్ పర్ఫార్మెన్స్' అని ముగుస్తాయి. ఇక్కడే చాలామంది పొరబడతారు. వాటి కిందే 'ఫైల్ సిస్టమ్ ఎఫెక్టివ్' అని మొదలయ్యే ఇంకో పొడవాటి లైన్ ఉంటుంది. దాని పక్కన 4096 అనే ఉంటుంది, అది చూసి డిస్క్ బాగానే ఉందని తేల్చేస్తారు. ఆ లైన్‌ని వదిలేయండి. పై రెండింటిలో ఏది పెద్దదో దాన్ని పట్టుకోండి. అది 4096 కన్నా ఎక్కువైతే జబ్బు ఇదే. 512 గానీ 4096 గానీ అయితే కారణం వేరే, దాని గురించి కింద చెబుతాను.

ఫార్మాట్ ఎందుకు పనిచేయలేదో ఈపాటికి మీకు అర్థమై ఉంటుంది. ఈ కొలత డ్రైవ్‌ది, విండోస్‌ది కాదు. ఎన్నిసార్లు తుడిచి వేసినా అది అదే మాట చెబుతుంది. అదే ఎస్‌ఎస్‌డీలో డీ డ్రైవ్ పార్టిషన్ చేసి అందులో వేసినా లాభం లేదు. ఫార్మాట్ చేసేటప్పుడు కనిపించే 'అలొకేషన్ యూనిట్ సైజ్' మార్చినా లాభం లేదు, అది క్లస్టర్ (విండోస్ ఫైళ్లకు చోటు కేటాయించే ముక్క) లెక్క, సెక్టర్ లెక్క కాదు.

విరుగుడు మైక్రోసాఫ్ట్ స్వయంగా ఇచ్చిందే. ఎన్‌విఎంఈ డ్రైవర్‌ని పాత పద్ధతిలో 4 కిలోబైట్ల కొలతే చెప్పమనే సెట్టింగ్ అది. రిజిస్ట్రీలో చేయాలి కాబట్టి నెమ్మదిగా, ఒక్కో అక్షరం చూసుకుంటూ చేయండి. చేతులు వణికేలా ఉంటే ఈ కాగితం పక్కన పెట్టి టెక్నీషియన్‌తో చేయించండి, మీరు పక్కనే కూర్చోండి. ముందు ఒక రిస్టోర్ పాయింట్ పెట్టుకోండి. రెజ్‌ఎడిట్ (రిజిస్ట్రీని మార్చే విండోస్ ప్రోగ్రామ్, regedit) తెరిచి హెచ్‌కీ లోకల్ మెషీన్, సిస్టమ్, కరెంట్ కంట్రోల్ సెట్, సర్వీసెస్ దాకా వెళ్లండి. సర్వీసెస్‌లో జాబితా చాలా పెద్దది. ఎస్ అక్షరం దగ్గరకి దిగి స్టోర్‌ఎన్‌విఎంఈ (stornvme) అన్నది పట్టుకోండి. దానిలో పారామీటర్స్, దానిలో డివైస్. డివైస్ మీద క్లిక్ చేసి, కుడివైపు ఖాళీలో రైట్ క్లిక్ చేసి, న్యూలోకి వెళ్లి 'మల్టీ స్ట్రింగ్ వాల్యూ' ఎంచుకోండి. మామూలు స్ట్రింగ్ కాదు, డీవర్డ్ కాదు, మల్టీ స్ట్రింగే. పేరు: ఫోర్స్‌డ్ ఫిజికల్ సెక్టర్ సైజ్ ఇన్ బైట్స్ (ForcedPhysicalSectorSizeInBytes). ఇంగ్లిష్‌లో ఈ మాటలన్నీ ఖాళీలు లేకుండా కలిపి రాయాలి. స్పెల్లింగ్‌లో ఒక్క అక్షరం తప్పినా విండోస్ ఏ ఎర్రరూ చూపించదు, మార్పు మాత్రం జరగదు. విలువ: ముందు నక్షత్రం గుర్తు, తర్వాత ఒక ఖాళీ, తర్వాత 4095. అవును, 4095. అచ్చుతప్పేమో అనుకుని 4096 వేయకండి, మైక్రోసాఫ్ట్ సూచనలో ఉన్నది ఆ అంకే.

ఓకే కొట్టి సిస్టమ్ రీస్టార్ట్ చేయండి. షట్‌డౌన్ చేసి ఆన్ చేయడం కాదు, రీస్టార్టే. లేచాక ఇందాకటి కమాండ్ మళ్లీ నడపండి. రెండు లైన్లూ 4096కి దిగితే పని అయినట్టే. దిగకపోతే ముందు స్పెల్లింగ్ సరిచూడండి. అది సరిగానే ఉంటే డివైస్ మేనేజర్‌లో స్టోరేజ్ కంట్రోలర్స్ కింద ఏముందో చూడండి. 'స్టాండర్డ్ ఎన్‌విఎం ఎక్స్‌ప్రెస్ కంట్రోలర్' అని లేకుండా వేరే కంపెనీ పేరుతో డ్రైవర్ ఉంటే, మనం మార్చిన సెట్టింగ్ మైక్రోసాఫ్ట్ డ్రైవర్‌ది కనుక దానికి వర్తించదు. అప్పుడు వేరే దారి ఉంది, మామూలు సాటా (ఎన్‌విఎంఈ కాని పాత రకం) ఎస్‌ఎస్‌డీ చిన్నది ఒకటి అదనంగా పెట్టించడం. దాని మీద కూడా అదే కమాండ్ నడిపి 4096 లోపే ఉందని నిర్ధారించుకున్నాక, సెటప్‌లో ఇన్‌స్టన్స్ రూట్ డైరెక్టరీ, డేటా డైరెక్టరీలు ఆ డ్రైవ్‌కి మార్చుకుని వేయండి. ఉన్న ఎస్‌ఎస్‌డీని తీసేయనక్కర్లేదు, విండోస్ దాని మీదే హాయిగా నడుస్తుంది.

అంకెలు దిగాయి కదా అని నేరుగా సెటప్ నడపకండి. సగంలో ఆగిన ఇన్‌స్టన్స్ (సెటప్ వేసిన ఎస్‌క్యూఎల్ సర్వర్ కాపీ) ఇంకా లోపల ఉంది, అదే పేరుతో మళ్లీ వేస్తే అడ్డం పడుతుంది. సెట్టింగ్స్‌లో ఇన్‌స్టాల్డ్ యాప్స్‌లోకి వెళ్లి మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ 2019 దగ్గర అన్‌ఇన్‌స్టాల్ నొక్కితే వచ్చే విండోలో రిమూవ్ ఎంచుకుని, ఎస్‌క్యూఎల్‌ఎక్స్‌ప్రెస్ ఇన్‌స్టన్స్‌ని తీసేయండి. ఒకసారి రీస్టార్ట్ చేసి, ఇందాక ఎర్రర్‌లాగ్ చూసిన ఫోల్డర్ ఇంకా మిగిలి ఉంటే దాని పేరు మార్చేయండి. కొత్త మెషీన్‌లో మీ డేటా ఏదీ లేదు కాబట్టి ఇది ధైర్యంగా చేయవచ్చు. పాత కంప్యూటర్‌లో మాత్రం ఇలాంటి ఫోల్డర్‌ని ముట్టుకోకండి, మీ వ్యాపారమంతా ఆ ఫోల్డర్‌లోనే ఉంది. ఆ తర్వాత సెటప్ నడిపితే ఈసారి పూర్తవుతుంది.

ఇంజిన్ లేచినా కౌంటర్‌లోని రెండో కంప్యూటర్ నుంచి బిల్లింగ్ కనెక్ట్ కాకపోవచ్చు. అది వేరే సంగతి, కంగారుపడకండి. ఎక్స్‌ప్రెస్‌లో టీసీపీ ఐపీ (వేరే కంప్యూటర్లు నెట్‌వర్క్‌లో కలిసే దారి) మొదట ఆఫ్‌లోనే ఉంటుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ కాన్ఫిగరేషన్ మేనేజర్‌లో దాన్ని ఆన్ చేసి సర్వీస్ రీస్టార్ట్ చేయాలి, విండోస్ ఫైర్‌వాల్‌లో అనుమతి ఇవ్వాలి. ఇది మీ సాఫ్ట్‌వేర్ వాళ్లకు కొట్టిన పిండి. ఎస్‌ఏ (డేటాబేస్‌లో అన్ని అధికారాలూ ఉన్న లాగిన్) పాస్‌వర్డ్ మాత్రం వాళ్లు అందరికీ పెట్టే రెడీమేడ్‌ది కాకుండా మీదంటూ ఒకటి పెట్టించి, ఓనరు గారి దగ్గర రాసి ఉంచండి.

2019 ఎక్స్‌ప్రెస్‌లో ఒక్కో డేటాబేస్‌కి 10 జీబీ పరిమితి ఉంది. మందుల ఏజెన్సీలో బ్యాచ్ నంబర్లు, ఎక్స్‌పైరీ తేదీలతో కలిపి డేటా తొందరగా పెరుగుతుంది కనుక ఇప్పుడు ఎంతుందో ఒకసారి అడిగి తెలుసుకోండి. ఎక్స్‌ప్రెస్‌లో షెడ్యూల్ ప్రకారం పనులు చేసే ఏజెంట్ ఉండదు, అంటే రాత్రిపూట బ్యాకప్ దానంతటది జరగదు. విండోస్ టాస్క్ షెడ్యూలర్‌తో పెట్టించుకోవాలి. ఇది పెట్టకుండా టెక్నీషియన్‌ని పంపించేయకండి.

కమాండ్‌లో అంకెలు మొదటే 4096 చూపించాయనుకుందాం. అప్పుడు మళ్లీ ఎర్రర్‌లాగ్‌కే వెళ్లాలి. 'ఆపరేటింగ్ సిస్టమ్ ఎర్రర్ 5' అని ఉంటే సర్వీస్ అకౌంట్‌కి (ఇంజిన్ నడిచే విండోస్ ఖాతాకి) ఆ ఫోల్డర్‌లో రాసే అనుమతి లేదని అర్థం. 5118 అనే నంబరు ఉంటే ఆ డ్రైవ్‌కో ఫోల్డర్‌కో విండోస్ కంప్రెషన్ ఆన్ చేసి ఉంది. ప్రాపర్టీస్‌లో ఆ టిక్ తీసేయాలి. ఎస్‌ఎస్‌డీలో చోటు మిగులుతుందని కంప్రెషన్ పెట్టేవాళ్లు ఉన్నారు, మీ షాపులో అలా చేశారేమో అడగండి. యాంటీవైరస్ అడ్డం పడే సందర్భాలూ ఉంటాయి గానీ, దాన్ని అనుమానించే ముందు లాగ్ చదవండి.

షాపు వాళ్లతో గొడవ పెట్టుకోనక్కర్లేదు, వాళ్లు మంచి డిస్కే ఇచ్చారు. టెక్నీషియన్‌కి ఈ జవాబు చూపించండి, మిగతా కస్టమర్ల దగ్గర అతనికే పనికొస్తుంది. రిజిస్ట్రీలో చేసిన మార్పును ఒక కాగితం మీద రాసి బిల్లు ఫైలులో పెట్టండి. ఎప్పుడైనా విండోస్ మళ్లీ వేయాల్సి వస్తే ఆ సెట్టింగ్ పోతుంది, ఎస్‌క్యూఎల్ సర్వర్ వేసే ముందే దాన్ని తిరిగి పెట్టాలి.

ఇవన్నీ చేశాక కూడా ఆగిపోతే ఎర్రర్‌లాగ్‌లోని చివరి ఇరవై లైన్లు, సమ్మరీ ఫైలు, సెక్టర్ కమాండ్ ఇచ్చిన మొత్తం జవాబు నాకు పంపండి. స్క్రీన్‌కి ఫోన్‌తో తీసిన ఫొటో కాకుండా టెక్స్ట్‌గా కాపీ చేసి పంపితే చదవడం తేలిక. పాస్‌వర్డ్‌లు, కస్టమర్ల పేర్లు ఎక్కడైనా కనిపిస్తే తీసేసి పంపండి.